వానలో కూర్చున్న జనం

ఇవాళ్టి పఠనంలో బైబిల్లోని ఎజ్రా గ్రంథం 10వ అధ్యాయం వచ్చింది. అన్యజాతి స్త్రీలను పెళ్లాడిన యూదులు ఆ భార్యల్ని పంపేయాలన్నదే అందులో విషయం. యూదుల లెక్కలో తొమ్మిదో నెల, 20వ తేదీ. యెరూషలేములో మందిరం ముందు ఆరుబయట జనం వణుకుతూ కూర్చున్నారు. సగం భయంతో, సగం జోరువానతో!

మూడు రోజుల్లో రాకపోతే ఆస్తి పోతుంది, సమాజంలోంచి వెలి. అందుకే అందరూ వచ్చారు.

పశ్చాత్తాపం అంటే ఏడుపు అనుకుంటాం. ఇక్కడ అది కాగితాల పని కూడా. "ఇది ఒకటి రెండు రోజుల్లో తేలదు, పైగా వానాకాలం" అని జనమే అన్నారు. ఊరి పెద్దల్ని, న్యాయాధిపతుల్ని వెంటబెట్టుకుని ఒక్కొక్కరు వంతులవారీగా రావాలని ఏర్పాటు. పదో నెల 1న విచారణకు కూర్చుంటే, మొదటి నెల 1కి ముగిసింది. మూడు నెలలు.

అలా పెళ్లాడినవాళ్ల జాబితా మొదలయ్యేది యాజకులతో, అంటే మందిర పూజారులతో. 17 మంది! ముందున్నది ప్రధాన యాజకుడు యేషూవ వంశమే. వాళ్లు చేతిలో చెయ్యి వేసి మాట ఇచ్చి, అపరాధానికి పొట్టేలును అర్పించారు.

యోనాతాను, యహజ్యా అనే ఇద్దరు ఈ నిర్ణయానికి అడ్డుచెప్పారు, ఇంకో ఇద్దరు వాళ్లకు వత్తాసు. ఎందుకో రాయలేదు.

మగవాళ్ల పేర్లు దాదాపు 110. పంపేసిన ఆడవాళ్లలో కొందరికి పిల్లలున్నారని చివరి వచనం. ఆ ఆడవాళ్లలో ఒక్కరి పేరూ లేదు.