మూడు సీట్ల కోసం

మామయ్యగారు ఆరు నెలల వీసా మీద ఇంగ్లండ్‌లో మేముండే ప్రెస్టన్ వచ్చినప్పుడు లండన్ చూపించమనలేదు, లేక్ డిస్ట్రిక్ట్ చూపించమనలేదు. "ఒక్క ప్రీమియర్ లీగ్ మ్యాచ్ చూపించమ్మా, చాలు" అన్నారు. అంటే ఇక్కడి ఫుట్‌బాల్‌లో అన్నిటికన్నా పై అంచె పోటీ. ఆయనది సికింద్రాబాద్, బొల్లారం వైపు. అక్కడ ఆ తరం వాళ్లకు క్రికెట్ కన్నా ముందు ఫుట్‌బాలే. 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్లు రోవర్స్ కప్పు గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు గురించి, ఆ జట్టును తీర్చిదిద్ది తర్వాత దేశానికే కోచ్ అయిన రహీం సాబ్ గురించి వాళ్ల నాన్నగారి నోట విని పెరిగారు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్ నాలుగో స్థానంలో నిలిచిందంటే మావాడు ఇప్పటికీ నమ్మడు. తాతయ్య కోతలు కోస్తున్నారనుకుంటాడు.

నేను నర్సును. షిఫ్టులు సర్దుకోవడం, రైళ్లు వెతకడం, ఫారాలు నింపడం మా ఇంట్లో నా శాఖలు. మావారికి ఈ ఆట అంటే గిట్టదు. కాబట్టి ముగ్గురికి టికెట్లు తెచ్చే పని నా మీదే పడింది.

మా ఊరి నుంచి గంట ప్రయాణంలో పేరున్న క్లబ్బులు ఒకటికి నాలుగున్నాయి. అందులో ఒకదాన్ని మావాడు తేల్చాడు. దాని పేరు రాయను. మిగతా చోట్లా పద్ధతి ఇంచుమించు ఇదేనని తర్వాత తెలిసింది. అక్కడ టికెట్టు కొనాలంటే ముందు టికెట్టు కొనే అర్హతను కొనాలి. అంటే సభ్యత్వం. నాకొకటి, పిల్లవాడికొకటి, మామయ్యగారికొకటి. మూడింటికీ కలిపి వంద పౌండ్లకు కాస్త అటూ ఇటూ అయింది. మామయ్యగారు వెంటనే రూపాయల్లోకి మార్చి, "పదకొండు వేలు పోశాం కదా, సీట్లు ఎక్కడ?" అని అడిగారు. సీట్లు లేవు. ఆ డబ్బుకు వచ్చింది లాటరీలో పేరు వేసుకునే హక్కు.

లాటరీలో పేర్లు వేశాం, రాలేదు. ఇంకో మ్యాచ్‌కు వేశాం, అదీ రాలేదు. లాటరీలో మిగిలినవి ఫలానా రోజు ఉదయం పది గంటలకు అమ్మకానికి పెడతారని మెయిలు వచ్చింది. ఆ సమయానికి డ్యూటీలో విరామం పడేలా చూసుకుని, స్టాఫు గదిలో ఫోను పట్టుకుని కూర్చున్నాను. తెర మీద ఒక అడ్డగీత, దాని మీద నడిచే చిన్న మనిషి బొమ్మ. కింద నా ముందు ఎన్ని వేల మంది ఉన్నారో అంకె. టీ చల్లారిపోయింది కానీ ఆ మనిషి గీతలో పావు వంతు కూడా దాటలేదు. విరామం అయిపోయింది. ఫోను తీసుకెళ్లి లాకరులో పెట్టేశాను. వాడు లాకరులో ఎంత దూరం నడిచాడో నాకు తెలియదు.

ఇదంతా చూసి మా వార్డు పోర్టరు నవ్వాడు. అరవై దాటినవాడు, పుట్టుకతో లివర్‌పూల్ అభిమాని. చిన్నప్పుడు వాళ్ల నాన్న గేటు దగ్గర ఒక్కడికి డబ్బులిచ్చి, ఇతన్ని రెండు చేతులతో ఎత్తి, తిరిగే ఇనుప కడ్డీల మీదుగా అవతల దింపేవాడట. గేటుమనిషి చూసీ చూడనట్టు ఊరుకునేవాడట. శనివారం మధ్యాహ్నం భోజనం చేసి, వెళ్దామా అనుకుంటే వెళ్లిపోవడమే. ఆ రోజుల్లో ప్రణాళికలు లేవు, పేర్లు ఇచ్చే పని లేదు.

అతను ఏకరువు పెడుతుంటే నాకూ ఉత్సాహం వచ్చి చదవడం మొదలుపెట్టాను. 1989 ఏప్రిల్ 15న షెఫీల్డ్‌లోని హిల్స్‌బరో మైదానంలో జరిగిన తొక్కిసలాటలో 97 మంది లివర్‌పూల్ అభిమానులు చనిపోయారు. తప్పు అభిమానులది కాదని, వాళ్లది చట్టవిరుద్ధమైన మరణమని విచారణ జ్యూరీ 2016లో తేల్చింది. ఆ దుర్ఘటన మీద వేసిన టేలర్ విచారణ 1990లో చెప్పిన మాట మేరకే పెద్ద మైదానాల్లో నిలబడి చూసే స్టాండ్లు పోయి అన్నీ సీట్లయ్యాయి. సీట్లు వేసినా, నిలబడి చూసేవాళ్ల జేబుకు తగ్గ ధర పెట్టవచ్చని ఆ నివేదికలోనే ఉంది. గ్లాస్గోలోని ఐబ్రాక్స్ మైదానంలో సీటు 6 పౌండ్లేనని ఉదాహరణ కూడా చూపించారు. క్లబ్బులు సీట్ల సంగతి గుర్తుంచుకుని ధర సంగతి మరిచిపోయాయి. 1992లో ప్రీమియర్ లీగ్ వచ్చింది, టీవీ డబ్బు వచ్చింది, టికెట్టు ధర మాత్రం దిగి రాలేదు.

ధర తగ్గిన సందర్భం లేకపోలేదు, అయితే దాన్ని తగ్గించింది క్లబ్బులు కావు. 2016 ఫిబ్రవరి 6న లివర్‌పూల్ కొత్త స్టాండులో 77 పౌండ్ల టికెట్టు పెట్టబోతోందని తెలిసి, సండర్లాండ్‌తో మ్యాచ్‌లో సరిగ్గా 77వ నిమిషానికి వేలాది మంది లేచి బయటికి నడిచారు. మా పోర్టరు అందులో ఒకడు. అప్పటికి జట్టు 2-0తో ముందుంది. వీళ్లు వెళ్లాక 2-2 అయింది. కొద్ది రోజుల్లోనే యజమానులు క్షమాపణ చెప్పి ఆ ధర వెనక్కి తీసుకున్నారు. మరుసటి నెలలోనే, పరాయి మైదానానికి వెళ్లే అభిమానుల టికెట్టు 30 పౌండ్లు దాటకూడదని లీగ్ నిర్ణయించింది. ఆ హద్దు ఈనాటికీ ఉంది. అందువల్ల వచ్చిన విచిత్రమేమిటంటే, ఒకే మైదానంలో ఒకే మ్యాచ్‌కు అతిథి 30 ఇచ్చి చూస్తాడు, ఆ వీధిలో పుట్టినవాడు దానికి రెట్టింపు ఇస్తాడు. అయినా ధైర్యం చేసే క్లబ్బులు ఉండనే ఉన్నాయి. 2024 నవంబరులో మాంచెస్టర్ యునైటెడ్ సీజన్ నడుమ, సభ్యులకు అమ్మే మిగిలిన టికెట్లన్నిటికీ 66 పౌండ్లు చేసి, పిల్లలకూ వృద్ధులకూ ఇచ్చే రాయితీ ఎత్తేసింది.

మళ్లీ నా కథకు వస్తాను. చివరికి మాకు దారి చూపింది క్లబ్బువాళ్ల సొంత మారుబేరం విభాగం. సీజన్ టికెట్టు ఉన్నవాళ్లు రాలేని మ్యాచ్‌కు తమ సీటును తిరిగి క్లబ్బుకే ఇస్తే, క్లబ్బు దాన్ని సభ్యులకు అమ్ముతుంది. ఇంటర్నెట్‌లో ఎవరెవరో మూడు రెట్లకు అమ్మేవి కూడా కనిపించాయి. ఇంగ్లండ్‌లో అనుమతి లేకుండా ఫుట్‌బాల్ టికెట్టు మారు అమ్మడం 1994 నుంచీ నేరమని పోర్టరు ముందే హెచ్చరించాడు. ఆ టికెట్టుతో గేటు దాకా వెళ్లి వెనక్కి వచ్చినవాళ్లు అతనికి తెలుసు. క్లబ్బు మారుబేరంలో సీట్లు అర్ధరాత్రి రాలతాయి. నైట్ డ్యూటీ చేసేవాళ్లకు అదొక్కటే అనుకూలం. తెల్లవారుజామున విరామంలో రెండు పక్కపక్క సీట్లు, వాటికి నాలుగు వరసల ముందు ఒంటరిది ఒకటి దొరికాయి. పిల్లవాడి పక్కన పెద్దవాళ్లు ఉండాలి కనుక ఆ ఒంటరి సీటు మామయ్యగారిది అయింది.

సంబరపడేలోపే తేదీ మారింది. ఇక్కడ జూన్‌లో వచ్చే మ్యాచ్‌ల పట్టిక ఉత్త ముసాయిదా. ఏది ఎప్పుడు చూపించాలో టీవీవాళ్లు తర్వాత ఎంచుకుంటారు. మా శనివారం మూడు గంటల మ్యాచ్ ఆదివారం నాలుగున్నరకు వెళ్లింది. నేను అప్పటికే శనివారం షిఫ్టును ఒక మలయాళీ నర్సుతో మార్చుకుని, బదులుగా ఆమె ఆదివారం నా నెత్తిన వేసుకున్నాను. దాన్ని మళ్లీ తిరగవేయడానికి మూడో మనిషి కావలసి వచ్చింది. ఆదివారం రైళ్లు తక్కువ, మర్నాడు బడి. మైదానానికి వచ్చే మనిషి కన్నా సోఫాలో కూర్చునే మనిషికే విలువ ఎక్కువని నాకు అప్పుడు అర్థమైంది. అందులోనూ ఒక వింత ఉంది. శనివారం మధ్యాహ్నం రెండూ నలభై అయిదు నుంచి అయిదూ పదిహేను దాకా ఈ దేశంలో ఫుట్‌బాల్ ప్రత్యక్ష ప్రసారం చేయకూడదు, జనం చిన్న క్లబ్బుల మైదానాలకు పోవాలని పెట్టుకున్న నియమం. ఇంగ్లండ్‌లో ఉన్న నేను చూడలేని మూడు గంటల మ్యాచ్‌ను మామయ్యగారు సికింద్రాబాద్ ఇంట్లో రాత్రి భోజనం చేస్తూ చూసేవారట. "అనవసరంగా విమానం ఎక్కానేమో" అన్నారు.

ఇక ఫోను గొడవ. టికెట్టు కాగితం మీద రాదు, ఫోనులోకి వస్తుంది, మనిషికొకటి. మామయ్యగారి ఫోను పాతది, నంబరు భారతదేశానిది. ధ్రువీకరణ సంఖ్య ఆ నంబరుకు వెళ్తుంది, అది ఇక్కడ ఎప్పుడు మోగుతుందో దేవుడికే ఎరుక. క్లబ్బు ఆఫీసుకు ఫోను చేసి సంగీతం వింటూ చాలాసేపు కూర్చున్నాక, ఒక అమ్మాయి ఓపికగా విని, మ్యాచ్ రోజు టికెట్ల కిటికీ దగ్గర కాగితం టికెట్టు ఇప్పిస్తానంది, ఇప్పించింది కూడా. ఈ మొత్తం వ్యవహారంలో నాకు మనిషి తగిలింది అక్కడే.

మ్యాచ్ రోజు సంచి కొలతలు చూశారు. ఎ4 కాగితం కన్నా పెద్దదైతే లోపలికి రాదు. నీళ్ల సీసా మూత తీసి పారేశారు. పులిహోర డబ్బాను ఒక సెక్యూరిటీ ఆయన తెరిచి, వాసన చూసి, తలాడించి ఇచ్చేశాడు. లోపల స్టాండు కింద జనం నిలబడి గబగబా బీరు తాగుతున్నారు. మైదానం కనబడే చోట మద్యం తాగకూడదని 1985 నాటి చట్టం ఉంది, అందుకే విరామంలో ఆ హడావుడి.

ఆట గురించి చెప్పను, టీవీలోనే బాగా కనబడుతుంది. టీవీలో కనబడనిది పచ్చిక రంగు, బంతిని తన్నిన చప్పుడు. నా కళ్లు మాత్రం నాలుగు వరసల ముందున్న మంకీ క్యాప్ మీదే ఉన్నాయి. మామయ్యగారికి ఒక పక్క ఫొటోలు తీసుకుంటున్న విదేశీ జంట, మెడలో రెండు జట్ల రంగులూ కలిపి కుట్టిన మఫ్లరు. రెండో పక్క ఏళ్ల తరబడి ఆ సీట్లో కూర్చుంటున్న పెద్దాయన. గోలు పడింది. అందరూ లేచి అరిచారు. మామయ్యగారూ ఆ పెద్దాయనా చేతులు పట్టుకుని ఊపుకున్నారు. అంతలో తెర మీద గోలు వీడియో పరిశీలనలో ఉందని రాశారు. నిలబడ్డవాళ్లు అలాగే నిలబడిపోయారు, కొందరు కూర్చున్నారు. ఎవరికీ ఏమీ తెలియదు. ఇంట్లో టీవీ ముందున్నవాడికి గీతలు గీసి చూపిస్తారు. డబ్బు కట్టి వచ్చిన మాకు చూపించలేదు. గోలు చెల్లదన్నారు. పెద్దాయన పట్టుకున్న చెయ్యి మెల్లగా వదిలేశారు, తప్పు తనదే అన్నట్టు.

స్టాండులో సగం మంది మౌనంగా ఉండటం నన్ను ఆశ్చర్యపరిచింది. కేకలూ సందడీ అంతా మూలనున్న అతిథి అభిమానుల వైపు నుంచే వస్తోంది, ఆ 30 పౌండ్లవాళ్ల దగ్గర నుంచి. కేకలు వేసే వయసు కుర్రవాళ్లు మా చుట్టుపక్కల కనబడలేదు. వాళ్ల దగ్గర అంత డబ్బు ఎక్కడిది?

కానీ పోర్టరు బాధపడుతున్న పాత రోజులు నావి కావు. ఆ తోపులాటలో, ఆ తాగుడులో, చీరకట్టులోనో సల్వారులోనో ఒక తెలుగు ఆడమనిషి పదేళ్ల పిల్లవాడి చెయ్యి పట్టుకుని నిలబడగలిగేదా? అతన్నే అడిగాను. కాసేపు ఆలోచించి, లేదన్నాడు. నంబరున్న సీటు, కెమెరాలు, దారి చూపే సిబ్బంది నన్ను లోపలికి రానిచ్చాయి. ధర అతని మనవణ్ణి బయట నిలబెట్టింది. ఈ రెండూ ఒకే మూటలో రావాలని ఎక్కడా లేదు. జర్మనీలో చాలా క్లబ్బుల్లో సగానికి పైగా ఓట్లు సభ్యుల చేతిలోనే ఉంటాయి. అక్కడి డార్ట్‌మండ్ మైదానంలో ఒక్క దక్షిణపు స్టాండులోనే ఇరవై నాలుగు వేల పైచిలుకు మంది తక్కువ ధరకు నిలబడి చూస్తారు. ఇంగ్లండ్‌లోనూ కడ్డీలు బిగించిన చోట నిలబడటానికి 2022 నుంచి అనుమతి వచ్చింది, అయితే నిలబడ్డా ధర కూర్చున్నంతే. డాలస్‌లో ఉన్న మా తమ్ముడు 2026 ప్రపంచకప్ టికెట్ల ధరలు గిరాకీని బట్టి మారతాయని చెప్పినప్పుడు, ఇది ఇంకా పైకి పోయే వ్యవహారమేనని అర్థమైంది.

మామయ్యగారు వెళ్లేలోపు ఇంకో మ్యాచ్ చూశాం, మా ఊళ్లోనే. ప్రెస్టన్ నార్త్ ఎండ్ రెండో అంచెలో ఆడుతుంది. 1888-89లో జరిగిన మొట్టమొదటి లీగ్‌ను ఒక్క మ్యాచ్ ఓడకుండా గెలిచిన జట్టు ఇది, డీప్‌డేల్ మైదానం కూడా అప్పటిదే. శుక్రవారం సాయంత్రం టికెట్లు కొన్నాను, శనివారం మూడు గంటలకు నడుచుకుంటూ వెళ్లాం. సభ్యత్వం అక్కర్లేదు, ముగ్గురికీ పక్కపక్క సీట్లు. పెద్ద క్లబ్బులో కట్టిన దాంట్లో సగం కూడా కాలేదు. బయట ఈ జట్టు పాత ఆటగాడు టామ్ ఫిన్నీ విగ్రహం, నీళ్లు చిమ్ముకుంటూ జారుతున్నట్టు చేశారు. దేశానికి ఆడుతూనే ప్లంబరు పని చేసుకున్న మనిషని చెబితే మామయ్యగారు విగ్రహం చుట్టూ తిరిగి చూశారు. లోపల బటర్ పై అమ్ముతారు: బంగాళదుంప, ఉల్లిపాయ, వెన్న. శుక్రవారం మాంసం తినని ఇక్కడి కాథలిక్కుల కోసం పుట్టిన వంటకం. శాకాహారి అయిన మామయ్యగారికి అది కర్రీపఫ్‌కు మేనమామ కొడుకులా కనిపించి రెండు తిన్నారు. ఆట చప్పగా సాగింది, గోలు పడలేదు. మా వెనక వరసలో కుర్రవాళ్లు తొంభై నిమిషాలూ రిఫరీని తిడుతూనే ఉన్నారు. మావాడు రెండు కొత్త మాటలు నేర్చుకున్నాడు, వాటిని ఇంట్లో వాడకూడదని చెప్పాను.

మామయ్యగారు వెళ్లిపోయాక పెద్ద క్లబ్బు నుంచి మెయిలు వచ్చింది: మేము వద్దనకపోతే వచ్చే ఏటికి సభ్యత్వాలు వాటంతటవే కొనసాగుతాయట, డబ్బు కార్డులోంచి పోతుందట. నాదీ ఆయనదీ రద్దు చేశాను. తనది మాత్రం ఉంచాలని మావాడి పట్టు, కావాలంటే తాతయ్య ఇచ్చిన పుట్టినరోజు డబ్బు ఇస్తానంటాడు. ఆ డబ్బుకు డీప్‌డేల్‌లో ఎన్ని మ్యాచ్‌లు వస్తాయో కాగితం మీద లెక్క వేసి చూపించాను. వాడు వాదిస్తూనే ఉన్నాడు. గడువు నెలాఖరు దాకా ఉంది.