వైన్ రుచికి మాటలు నేర్చుకోవడం: డబ్ల్యూఎస్‌ఈటీ లెవెల్ 3, నా అనుభవం

లండన్‌లో ఒక రెస్టారెంట్‌లో సర్వీస్‌లో పనిచేస్తున్నాను. మాది అమలాపురం దగ్గర పల్లె. హోటల్ మేనేజ్‌మెంట్ చదివి ఇటువైపు వస్తున్న మనవాళ్ళు కొందరు "వైన్ పరీక్ష ఎలా పాసయ్యావు, ఆ వాసనల పేర్లన్నీ ఎలా వచ్చాయి" అని అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ ఫోన్‌లో చెప్పే బదులు వివరంగా రాసేస్తే మేలనిపించింది.

నేను రాసింది డబ్ల్యూఎస్‌ఈటీ లెవెల్ 3. వైన్ అండ్ స్పిరిట్ ఎడ్యుకేషన్ ట్రస్ట్ అనే సంస్థ 1969లో లండన్‌లో మొదలైంది, ఈ కోర్సు వాళ్ళదే. ఇక్కడ సొమెలియే (రెస్టారెంట్‌లో వైన్ల సంగతి చూసుకునే మనిషి) ఉద్యోగానికి వెళితే ముందుగా అడిగేది చాలాచోట్ల ఇదే. థియరీ ఒక పేపరు, టేస్టింగ్ ఒకటి. రెండింట్లోనూ విడివిడిగా 55 శాతం రావాలి. థియరీ రెండు గంటలు: 50 బిట్లు, నాలుగు రాత ప్రశ్నలు. నదుల పేర్లు, నేలలు, ద్రాక్ష రకాలు, చట్టాలు. మన చదువులు చదివినవాళ్ళకి అది కొత్త కాదు, కూర్చుంటే వస్తుంది. టెన్షన్ అంతా టేస్టింగ్‌దే. పేరు చెప్పకుండా ఒక తెల్ల వైన్, ఒక ఎర్ర వైన్ పోసి ముందు పెడతారు. అరగంటలో రెండింటి గురించీ రాయాలి.

అది ఏ ద్రాక్షో, ఏ ఊరి వైనో కనిపెట్టడమే పరీక్ష అని చాలామంది అనుకుంటారు. లెవెల్ 3లో దానికి మార్కుల్లేవు. రంగు, వాసన, నోట్లో ఎలా ఉంది, నాణ్యత ఎంత, ఇప్పుడే తాగాలా ఇంకొన్నేళ్ళు దాచవచ్చా అన్నదే అడుగుతారు. అదీ వాళ్ళు ఇచ్చిన కొలతల్లో, వాళ్ళు ఇచ్చిన వరుసలో రాయాలి. రంగు తేలికే. తెల్ల కాగితం మీద గ్లాసు వంచి చూస్తే నిమ్మ రంగా, బంగారు రంగా, ఎరుపైతే రూబీయా, గార్నెట్టా అన్నది కొద్ది వారాల్లో పట్టుబడుతుంది. అక్కడ ఎక్కువసేపు ఆగకండి.

కోర్సులో చేరగానే అందరూ వాసనల జాబితా మీద పడతారు. బ్లాక్‌కరెంట్, వయొలెట్, తడి ఆకులు, తోలు... చదవడానికి బాగుంటాయి. నా అభిప్రాయంలో ముందు నేర్చుకోవాల్సినవి అవి కావు. పులుపు, టానిన్ (వగరు), ఆల్కహాల్, బాడీ: ఈ నాలుగింటి కొలతలు ముందు నోటికి రావాలి. పులుపుకీ టానిన్‌కీ అయిదేసి మెట్లు ఉంటాయి: తక్కువ, మధ్యమం కన్నా కాస్త తక్కువ, మధ్యమం, కాస్త ఎక్కువ, ఎక్కువ. వాసన దగ్గర ఇద్దరు వేర్వేరు పళ్ళ పేర్లు చెప్పినా ఇద్దరికీ మార్కులు రావచ్చు. పులుపు ఎక్కువున్న వైన్‌కి తక్కువ అని రాస్తే మాత్రం ఎవరూ కాపాడలేరు.

పులుపుని రుచితో కాదు, లాలాజలంతో కొలవాలి. గుక్క తీసుకుని పుక్కిలించి ఉమ్మేయాలి. తర్వాత తల కాస్త ముందుకు వంచి, దవడల పక్కన నోరు ఎంతసేపు ఊరుతుందో చూడాలి. జర్మనీలో మోజెల్ లోయ నుంచి వచ్చే రీస్లింగ్ అనే తెల్ల వైన్‌కి ఆ ఊట ఆగదు. ఫ్రాన్స్‌లో అల్సాస్ ప్రాంతపు గెవుర్ట్స్‌ట్రామినర్ అనే తెల్ల వైన్‌కి కాసేపట్లోనే తగ్గిపోతుంది. ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుని తాగి చూస్తే పులుపు మెట్ల రెండు కొసలూ తెలిసిపోతాయి.

టానిన్ విషయంలో మనకి పాఠం అవసరం లేదు. నేరేడుపళ్ళు తిన్నాక నోరు పట్టేసినట్టు ఉంటుందే, అదే. క్లాసులో ఎక్కువమంది టానిన్‌ని చేదుతో కలిపేసేవారు. చేదు నాలుక మీద తెలుస్తుంది, వగరు చిగుళ్ళకీ బుగ్గల లోపలికీ పట్టుకుంటుంది. పచ్చి అరటికాయ, లేత జామకాయ కొరికి పెరిగినవాళ్ళకి ఈ తేడా ఎవరూ చెప్పక్కర్లేదు. ఇటలీ ఎర్ర వైన్ 'బరోలో' ఒక కొస, ఫ్రాన్స్ ఎర్ర వైన్ 'బోజొలే' రెండో కొస. ఆల్కహాల్‌ని గొంతు దగ్గర వేడితో చూస్తారు: 11 శాతం లోపు తక్కువ, 14, ఆపైన ఉంటే ఎక్కువ. బాడీ అంటే నోట్లో బరువు. వెన్న తీసిన పాలు, చిక్కటి గేదెపాలు ఒకదాని తర్వాత ఒకటి తాగితే తెలిసే తేడా అది.

తీపి దగ్గర ఒక కిటుకు నాకు చాలా పనికొచ్చింది. గెవుర్ట్స్‌ట్రామినర్‌లో లీచీ, గులాబీ వాసన గుప్పున కొడుతుంది. వాసన తియ్యగా ఉంది కాబట్టి వైన్ కూడా తీపి అని మనసు చెప్పేస్తుంది. అప్పుడు ముక్కు మూసుకుని గుక్క తీసుకోవాలి. లీచీ, గులాబీ మాయమైపోతాయి, నిజంగా చక్కెర ఉంటే అది మాత్రమే నాలుక మీద మిగులుతుంది. మోజెల్ రీస్లింగ్‌లో దీనికి ఎదురు జరుగుతుంది: చక్కెర ఉన్నా పులుపు దాన్ని కప్పేస్తుంది. అక్కడ నాలుక కొస మీద శ్రద్ధ పెట్టాలి.

ఇక వాసనలు. జాబితాలో సగం నేను ఎప్పుడూ వాసన చూడనివి. గూస్‌బెర్రీ అంటే మన ఉసిరికాయ కాదు, సంబంధం లేని మరో మొక్క కాయ. బ్లాక్‌కరెంట్ నాకు అప్పటిదాకా సీసాలో షర్బత్తుగానే తెలుసు. కాబట్టి ఎండాకాలమంతా మార్కెట్లు తిరిగాను. జూన్‌లో పార్కుల్లో ఎల్డర్‌ఫ్లవర్ పూస్తుంది, గుత్తి దగ్గరకి వంచి వాసన చూడటమే. జులైలో గూస్‌బెర్రీలు, బ్లాక్‌కరెంట్లు వస్తాయి. పండు ఒక్కటే కాదు, బ్లాక్‌కరెంట్ ఆకు కూడా నలిపి చూడాలి, జాబితాలో అది వేరే వాసన. పుస్తకంలో పేరు పదిసార్లు చదవడం కన్నా ఒక్క కాయ వేళ్ళ మధ్య చిదిమితే ఎక్కువ గుర్తుంటుంది.

వాసనల సీసాల పెట్టెలు అమ్ముతారు, ఖరీదెక్కువ. నేను పట్టుకున్న దారి వేరు. 1984లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్‌లో ప్రొఫెసర్ ఆన్ నోబుల్ వైన్ వాసనల చక్రం ఒకటి తయారుచేశారు. మధ్యలో పండు, పువ్వు, మసాలా, చెక్క లాంటి పెద్ద తరగతులు, బయటికి వెళ్ళేకొద్దీ నిర్దిష్టమైన పేర్లు. 'గంభీరంగా ఉంది', 'సొగసుగా ఉంది' లాంటి మాటలు ఆవిడ అందులో పెట్టలేదు. ఎదుటివాడు కూడా వాసన చూసి అవునో కాదో చెప్పగలిగే పేర్లే ఉంచారు. ఆ పేర్లకి నమూనాలు వంటింటి సరుకుతోనే చేసుకోవచ్చని కూడా చూపించారు. చవక తెల్ల వైన్‌లో ఆ వస్తువు కాస్త వేసి నానబెట్టడమే.

మా కిచెన్‌లో గుంటూరు అన్న ఒకాయన పనిచేస్తాడు. రాత్రి సర్వీస్ అయ్యాక ఆయనా నేనూ గ్లాసులు వరసగా పెట్టేవాళ్ళం. ఒక్కోదాంట్లో కొద్దిగా వైన్, దాంట్లో ఒక్క లవంగం, లేదా రెండు నలిపిన మిరియాలు, నిమ్మ తొక్క, డబ్బా పైనాపిల్ రసం అర చెంచా, వెన్న చిటికెడు, తడి అట్టముక్క. పచ్చ క్యాప్సికమ్ గోరంత ముక్క చాలు. ఇంకాస్త పెద్దది వేస్తే పక్క గ్లాసులు కూడా అదే వాసన కొడతాయి. పైన సాసర్లు మూసి కాసేపు ఉంచి, అన్న వాటి చోట్లు మార్చేవాడు. నేను సాసర్ ఎత్తి, ఒక్కసారి పీల్చి, వెంటనే పేరు చెప్పాలి. ఆలోచిస్తూ కూర్చుంటే ముక్కు అలవాటుపడి ఏమీ తెలియకుండా పోతుంది.

ఇందులో నాకు నచ్చిందేమిటంటే, ఈ పోలికలు కవిత్వం కోసం చెప్పేవి కావు. క్యాప్సికమ్‌లో ఉండే పైరజీన్ అనే పదార్థం కాబెర్నే సొవిన్యాన్ ద్రాక్షలోనూ ఉంటుంది. లవంగంలోని యూజెనాల్ ఓక్ పీపా చెక్కలోనూ ఉంటుంది. న్యూజిలాండ్ మార్ల్‌బరో సొవిన్యాన్ బ్లాంక్ వాసన చూడగానే నాకు జామపండు తట్టింది. ఆ వైన్‌కి వాసన ఇచ్చే గంధక పదార్థాలే జామలోనూ, పాషన్ ఫ్రూట్‌లోనూ ఉన్నాయని తర్వాత తెలిసింది. అప్పటినుంచి నా ముక్కు చెప్పిందాన్ని నమ్మడం మొదలుపెట్టాను.

కొబ్బరి సంగతి చెప్పాలి. స్పెయిన్ రియోహా వైన్లు ఎక్కువగా అమెరికన్ ఓక్ పీపాల్లో పెట్టేవారు. ఆ చెక్క వనిల్లా వాసనతో పాటు కొబ్బరి వాసన ఇస్తుంది. క్లాసులో అందరూ 'కొబ్బరి' అని రాసుకున్నారు. నాకు వచ్చింది కొబ్బరికాయ కొట్టినప్పుడు వచ్చే వాసన కాదు, అటక మీద ఆరబెట్టిన కురిడీ పగలగొడితే వచ్చేది: నూనె, చెక్క, కాస్త తీపి కలిసిన వాసన. పరీక్షలో 'కొబ్బరి' అంటే చాలు. నా నోట్‌బుక్‌లో మాత్రం కురిడీ అనే రాసుకున్నాను, ఎందుకంటే అమెరికన్ ఓక్‌ని నేను పట్టుకునేది దాంతోనే.

కిరసనాయిలు కూడా అలాగే. కొన్నేళ్ళు సీసాలో ఉన్న రీస్లింగ్‌లో ఆ వాసన వస్తుంది. అది లోపం కాదు, వయసుకి గుర్తు. ఆస్ట్రేలియా క్లేర్ వ్యాలీ రీస్లింగ్ మూత తీయగానే కరెంటు పోయిన రాత్రుల్లో లాంతరు వెలిగించిన వాసన. పక్కన కూర్చున్న ఇంగ్లీషు కుర్రాడు ఆ పేరు పుస్తకంలో చదివి నేర్చుకున్నాడు, నాకు అది ముందే తెలుసు. మిరియాల దగ్గర ఇంకొకామె ఇబ్బంది పడింది. ఫ్రాన్స్‌లో ఉత్తర రోన్ ప్రాంతపు 'సిరా' అనే ద్రాక్షతో చేసిన ఎర్ర వైన్‌లో మిరియం వాసన రొటండోన్ అనే పదార్థం వల్ల వస్తుంది. ఆస్ట్రేలియా పరిశోధకులు 2008లో దాన్ని ప్రకటించారు. ఇంచుమించు అయిదుగురిలో ఒకరికి అది అసలు తెలియదట. ఆమె అలాంటి మనిషే కావచ్చు. టీచర్ ఆమెతో, నీ ముక్కుకి వచ్చిందే రాయి, రానిది రాయకు అన్నారు. ఈ పరీక్షకి అంతకన్నా మంచి సలహా నేను వినలేదు.

పనిలో ఒకసారి సప్లయర్ 'వాన్ జోన్' అనే వైన్ రుచి చూపించాడు. ఫ్రాన్స్ జూరా కొండల దగ్గర సావన్యాన్ ద్రాక్షతో చేసేది. పీపా నింపకుండా, పైన ఈస్ట్ పొర కట్టనిచ్చి ఆరేళ్ళకు పైగా ఉంచుతారు. 62 సెంటీలీటర్ల పొట్టి సీసాలో వస్తుంది. చుట్టూ ఉన్నవాళ్ళు వాల్‌నట్ అన్నారు, కరీ అన్నారు. నాకు వేయించిన మెంతులు. పచ్చివి కాదు, ఆవకాయకి ఎర్రగా వేయించి దంచినప్పుడు ఇల్లంతా నిండేవి. ఆ మాట పైకి అనేశాను. సప్లయర్ వెంటనే, సోటలోన్ అనే ఒకే పదార్థం మెంతులకీ ఈ వైన్‌కీ ఆ వాసన ఇస్తుందని చెప్పాడు. గుంటూరు అన్నని లోపల్నుంచి పిలిచి గ్లాసు ముక్కు దగ్గర పెట్టాను. "మెంతిపిండి కలిపార్రా ఇందులో?" అన్నాడు.

ఇంట్లో చెప్పడం మరో పని. అమ్మ ఫోన్‌లో, "చదువంటావు, రోజూ అది తాగాలా నాన్నా?" అంది. "తాగడం లేదమ్మా, పుక్కిలించి ఉమ్మేస్తాం" అన్నాను. అది నిజం. క్లాసులోనూ పరీక్షలోనూ ఉమ్మడానికి గిన్నె ఉంటుంది. మింగుతూ పోతే నాలుగో గ్లాసుకి కొలతలన్నీ ఒకేలా అనిపిస్తాయి.

నాణ్యత రాయడానికి నాలుగు ప్రశ్నలు వేసుకోమంటారు: పులుపు, తీపి, టానిన్, ఆల్కహాల్ ఒకదాన్నొకటి మోస్తున్నాయా, ఉమ్మేశాక మంచి రుచి ఎంతసేపు నిలిచింది, వాసన స్పష్టంగా, గట్టిగా ఉందా, ఒక్క రకమేనా లేక పండు, పీపా, వయసు అన్నీ ఉన్నాయా. ఊరికే 'చాలా మంచిది' అంటే మార్కులు రావు. కారణం అక్కడే రాయాలి.

పరీక్ష రోజు సెంటు పూసుకోకూడదు, బయల్దేరేముందు పళ్ళు తోముకోకూడదు, పేస్టులోని పుదీనా పులుపు కొలతని చెడగొడుతుంది. నేను తెల్ల వైన్ వాసన ముందు చూసి, పులుపు, తీపి, బాడీ రాసేసి, పళ్ళ పేర్లకి మళ్ళీ వాసన దగ్గరికి వెళ్ళాను. ఎర్ర వైన్‌లో లవంగం, వనిల్లా, కురిడీ మూడూ తగిలాయి. 'కొబ్బరి' అని రాసి ఓక్ కింద పెట్టాను. టానిన్ దగ్గర మధ్యమమా, కాస్త ఎక్కువా అని ఊగాను. మళ్ళీ ఒక గుక్క తీసుకుని, చిగుళ్ళ మీద నాలుక తిప్పి చూసి, కాస్త ఎక్కువ అని ఖాయం చేసుకున్నాను. ఫలితం మెరిట్ వచ్చింది, అంటే 65కీ 79కీ మధ్య.

కొత్తగా చేరేవాళ్ళు ఒక్కరే సీసాలు కొనకండి. క్లాసులో అయిదారుగురు కలిసి వంతులవారీగా తలా ఒకటి తెచ్చుకుంటే పులుపుకీ టానిన్‌కీ రెండు కొసల వైన్లూ తక్కువ ఖర్చులో వస్తాయి. మీ వంతు వచ్చినప్పుడు బరోలో కొనడానికి వెనకాడకండి. ఖరీదైనదే, కానీ ఎక్కువ టానిన్ అంటే ఎంతో అదొక్కటి తాగాక మరి మర్చిపోరు.