తోటకూరలో ఉప్పు ఎప్పుడు వేయాలి

పాతికేళ్ళకే రక్తపోటు 130/85 చూపిస్తోందని తెలిసిన పిల్లలు ముందుగా అడిగేది ఏం తింటే తగ్గుతుందని. ఏది తగ్గించుకోవాలని అడిగేవారు అరుదు. పెద్దలకు రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది, అంటే తలకొట్టి కొలిచిన ఒక చిన్న చెంచాడు. మొదటి ముద్దకు ఆవకాయ, పప్పులోకి అప్పడం, మజ్జిగన్నంలోకి ఊరమిరపకాయ ఉన్న విస్తరిలో ఆ చెంచాడు ఒక్క పూటలోనే దాటిపోవచ్చు. పేరు మార్చి సైంధవ లవణం వాడినా అదీ ప్రధానంగా సోడియం క్లోరైడే.

రక్తపోటును ఆహారంతో తగ్గించడం గురించి 1997లో అమెరికాలో వెలువడిన డ్యాష్ (DASH) పరిశోధనలో, ఉప్పు మోతాదు మార్చకుండానే పండ్లు, కూరగాయలు, కొవ్వు తక్కువ పాలపదార్థాలు పెంచిన భోజనంతో కొన్ని వారాలలోనే రక్తపోటు తగ్గింది. 2001 నాటి తరువాతి పరిశోధనలో ఆ భోజనానికి ఉప్పు తగ్గింపు కూడా తోడయ్యేసరికి ఫలితం ఇంకా మెరుగుపడింది. ఇందులో పొటాషియం పాత్ర పెద్దది: అది మూత్రపిండాల ద్వారా సోడియంను బయటకు పంపించి, రక్తనాళాల బిగువును సడలిస్తుంది.

దానికోసం ఖరీదైన బీట్‌రూట్ పొడి డబ్బాలు కొనడం నాకు అనవసరమనిపిస్తుంది. తోటకూర, మునగాకు, పెసలు, అలసందలు, అరటిపండు మనకు అందుబాటులోనే ఉన్నాయి. అయితే తోటకూరను ఉడికించి నీళ్ళు వార్చేస్తే పొటాషియంలో కొంత ఆ నీళ్ళతోనే పోతుంది కాబట్టి, కడిగిన ఆకుకున్న తడితోనే మూతపెట్టి సన్నని సెగమీద మగ్గనివ్వాలి. బాణలి నిండా పొంగి కనిపించే ఆకు కాసేపటికే గుప్పెడవుతుంది. పచ్చి ఆకును చూసి వేసిన ఉప్పు చివరికి ఎక్కువైపోతుంది. మగ్గిన తరువాత, దించేముందు చిటికెడు వేసి, వెల్లుల్లి, ఎండుమిర్చి తాలింపు పెట్టి, నిమ్మకాయ పిండితే ఆ లోటు నాలుకకు తెలియదు.

ముప్పై దాటకముందే పదేపదే 140/90 గానీ అంతకు మించి గానీ వస్తుంటే వంటింటి జాగ్రత్తలతో సరిపెట్టక, మూత్రపిండాలలో, హార్మోన్లలో లోపమేమైనా ఉందేమో వైద్యుల చేత చూపించుకోవాలి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు కొబ్బరినీళ్ళు, పొటాషియం కలిపిన ఉప్పు వంటివి వైద్యులను అడగకుండా పెంచుకోకూడదు. దగ్గుకని నమిలే అతిమధురం కూడా సహజమైనదే గానీ, రోజూ వాడితే అది రక్తపోటును పెంచుతుంది.