పనిచేస్తున్న రేవును చూడడానికి

బరంపురంలో మా ఇంటి నుంచి గోపాల్‌పూర్ సముద్రతీరం ఎంతో దూరం కాదు. అక్కడ ఇసుకలో పాత రేవుకట్ట స్తంభాలు ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. మా మామగారి తాతగారు ఆ రేవులోనే ఓడ ఎక్కి రంగూన్ వెళ్లారని మావారు చిన్నప్పటి నుంచీ వింటూ పెరిగారు. కొత్త ఓడరేవు వేరేచోట వచ్చింది గాని, ఈ పాత రేవు నుంచి మనుషుల రాకపోకలు ఎప్పుడో ఆగిపోయాయి. మనుషులు రోజూ దాటే రేవును ఒక్కసారైనా కళ్లారా చూడాలన్న కోరికతో, రెండేళ్లు డబ్బు కూడబెట్టి, చెరొక సంచీ వీపున వేసుకుని, రైల్లో హౌరా చేరి, కోల్‌కతాలో విమానం ఎక్కి హాంకాంగ్ వెళ్లాము.

విమానాశ్రయం నుంచి రైలు త్వరగా చేరుస్తుంది, కానీ ఖరీదు ఎక్కువ. ఏ21 బస్సు పై అంతస్తులో కూర్చుని నేథన్ రోడ్డులో దిగాము. మా బస 1961 నాటి చుంగ్‌కింగ్ మాన్షన్స్‌లో. పదిహేడు అంతస్తుల ఆ భవనంలో లిఫ్టు కోసం బారులు తీరి నిలబడాలి. గదిలో మంచం దిగితే తలుపే. అయినా కింద పప్పూ రొట్టే దొరికాయి, ఇంటి నుంచి తెచ్చుకున్న అటుకులు, ఆవకాయ ఉదయాలను గడిపేశాయి.

రేవుకు నడిచే దూరం. అక్కడ కౌలూన్ ఒడ్డు నుంచి ఎదురుగా ఉన్న హాంకాంగ్ ద్వీపానికి జనాన్ని దాటించే స్టార్ ఫెర్రీ ఓడల కోసమే మేము అంతదూరం వెళ్లామని చెప్పవచ్చు. పారసీ వ్యాపారి దొరాబ్జీ నౌరోజీ 1888లో స్థాపించిన కౌలూన్ ఫెర్రీ కంపెనీయే 1898లో ఆ పేరు పెట్టుకుంది. మన దేశం నుంచి వెళ్లినవాడు వేసిన దారి మీద ఇన్నేళ్లుగా జనం దాటుతున్నారన్న మాట నాకు గర్వంగా తోచింది. కింది అంతస్తులో టికెట్టు ఇంకా చవక, ఇంజను చప్పుడూ నీటి తుంపరలూ అక్కడే దగ్గర. ఓడ వెనక్కి తిరగదు. రెండు కొనలూ ఒకేలా ఉంటాయి కాబట్టి, ఎటు పోతే అటు బల్లల వీపులను జనమే తిప్పుకుంటారు. నీలం దుస్తుల నావికుడు కొక్కెం కర్రతో తాడును అందుకుని కట్టే క్షణం కోసం మావారు ప్రతిసారీ ముందుకు వెళ్లి నిలబడేవారు.

దాటడానికి పది నిమిషాలైనా పట్టదు. ఒడ్డు పక్క సముద్రాన్ని పూడుస్తూ పోవడం వల్ల నీరు అంతకంతకూ ఇరుకైంది. అవతల ద్వీపంలోని సెంట్రల్ అనే ప్రాంతంలో ఓడ ఆగే రేవు కూడా 2006లో ముందుకు జరిగింది. మిగిలిన నీటిని పూడ్చకుండా కాపాడేందుకు 1997లో చట్టం చేశారు. అది ఇంకా ముందే వచ్చి ఉంటే బాగుండేదని నాకు అనిపించింది.

అవతలి ఒడ్డున 1904 నుంచి ట్రాములు నడుస్తున్నాయి. ఇప్పటి రెండంతస్తుల ట్రాములో వెనుక నుంచి ఎక్కి, దిగేటప్పుడు ముందు డబ్బు చెల్లించాలి. ఎంత దూరమైనా ఒకటే ధర కాబట్టి ఒక మధ్యాహ్నమంతా కెన్నెడీ టౌన్ నుంచి షావ్‌కీవాన్ దాకా కిటికీ పక్కనే గడిపాము. లాంటావ్ ద్వీపంలోని పెద్ద బుద్ధవిగ్రహానికి 268 మెట్లు ఎక్కాము, పీక్ కొండకు 15వ నంబరు బస్సులో వెళ్లాము, రెండూ బాగున్నాయి.

చివరి రోజు మిగిలిన చిల్లర లెక్కపెడితే, బస్సు ఖర్చు పోను, ఇద్దరమూ రెండుసార్లు అవతలికి వెళ్లి రావడానికి సరిపోయింది. ఆ రెండుసార్లూ వెళ్లి వచ్చాకే సంచులు తీసుకోవడానికి గదికి నడిచాము.