నారింజ రంగులో వచ్చిన ప్రోటీన్

నేను అనంతపురంలో పీజీ విద్యార్థులకు బయోటెక్నాలజీ బోధిస్తాను. ఈ ఏడాది ప్రాజెక్టుకు ఒక విద్యార్థిని వేరుశనగ గింజల్లో ఉండే, నీరు తగ్గినప్పుడు మొక్క కణాలను కాపాడే డీహైడ్రిన్ అనే ప్రోటీన్‌ను ఎంచుకుంది. కళ్యాణదుర్గం వైపు పల్లెలో వాళ్ల నాన్నగారు ఏటా వేసేది శెనక్కాయే (మా జిల్లాలో మాటల్లో వేరుశనగ అనేవాళ్లు తక్కువ). ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ మాత్రమే వాన పడే ఈ నేలలో ఆ మొక్క బెట్టను ఎలా ఓర్చుకుంటుందన్నది ఆమెకు ఇంట్లోనే పుట్టిన ప్రశ్న. ప్రోటీన్ అమైనో ఆమ్లాల వరుసను, దాన్నిబట్టి ప్రోటీన్ ఆకారాన్ని అంచనా వేసే ఆల్ఫాఫోల్డ్ సర్వర్‌కు పంపి, వచ్చిన బొమ్మను ఫోన్‌లో నాకు చూపిస్తూ, "సార్, ఇది చెడిపోయినట్టుంది, వేరే ప్రోటీన్ తీసుకోనా?" అని అడిగింది. తెరమీద ఉన్నదంతా నారింజ రంగు దారమే. ఎక్కడా ఒక ఆకారమంటూ కుదరలేదు.

నేను కూడా మొదట ఆమె అనుకున్నట్టే అనుకున్నాను. అందుకు కారణం ఉంది. అంతకు వారం ముందే మరో విద్యార్థి పంపిన వరుసలో పెద్ద పొరపాటు పట్టుకున్నాను. అతను ప్రోటీన్ వరుసకు బదులు జన్యువు డీఎన్ఏ వరుసను కాపీ చేసి, ప్రోటీన్ అని రాసి ఉన్న పెట్టెలో పేస్ట్ చేశాడు. డీఎన్ఏ రాసేందుకు వాడే ఏ, టి, జి, సి అనే నాలుగు అక్షరాలూ అమైనో ఆమ్లాల 20 అక్షరాల్లోనూ ఉన్నాయి. అక్కడ అవి వరుసగా అలనిన్, త్రియోనిన్, గ్లైసిన్, సిస్టీన్‌లకు గుర్తులు. కాబట్టి డీఎన్ఏను ప్రోటీన్‌గా చదవడానికి అక్షరాల పరంగా అడ్డేమీ లేదు. ప్రకృతిలో ఎక్కడా లేని, నాలుగే అమైనో ఆమ్లాలతో కట్టిన ఒక గొలుసుకు బొమ్మ తయారై వచ్చింది. ఆ అబ్బాయి దాన్ని రంగుల్లో ప్రింటు తీసి రికార్డులో అంటించాడు కూడా.

అప్పటి నుంచి, పంపే ముందు వరుసను కళ్లతో చదవాలని మా ల్యాబ్‌లో నియమం పెట్టాను. ఫాస్టా అనే ఫైలు పద్ధతిలో పైన కోణపు గుర్తుతో (>) మొదలయ్యే పేరు లైనును పక్కనపెడితే, పూర్తి ప్రోటీన్ సాధారణంగా మెథియోనిన్‌తో, అంటే ఎం అక్షరంతో మొదలవుతుంది. మొదట్లోనే ఏ, టి, జి అని కనబడితే, తర్వాత కూడా ఆ నాలుగు అక్షరాలే తిరుగుతుంటే, అది డీఎన్ఏ. డీఎన్ఏను ప్రోటీన్ అక్షరాల్లోకి మార్చే సాఫ్ట్‌వేర్ చివర్లో ఆగే సంకేతానికి సాధారణంగా నక్షత్రం గుర్తు (*) పెడుతుంది, దాన్ని తీసేయాలి. డేటాబేసు పేజీ నుంచి కాపీ చేస్తే అక్షరాల మధ్యకు అంకెలు కూడా వచ్చేస్తాయి.

డీహైడ్రిన్ వరుసను ఆ పద్ధతిలోనే ఇద్దరం కూర్చుని చదివాం. తప్పు దొరకలేదు. అయితే చదువుతున్నకొద్దీ వేరే సంగతి తెలిసింది. ట్రిప్టోఫాన్‌కు గుర్తయిన డబ్ల్యూ అందులో ఒక్కటీ లేదు, సిస్టీన్ కూడా లేదు, గ్లైసిన్ మాత్రం అడుగడుగునా ఉంది. విద్యుదావేశం ఉన్న లైసిన్, గ్లుటామిక్ ఆమ్లం గుంపులు గుంపులుగా ఉన్నాయి. నీటిని తప్పించుకుని లోపలికి ముడుచుకునే అమైనో ఆమ్లాలు తగినన్ని ఉంటేనే ప్రోటీన్ గట్టిగా మడతపడుతుంది. ఇక్కడ ఆ సరుకే తక్కువ. డీహైడ్రిన్లు నీటిలో ఉన్నప్పుడు స్థిరమైన మడత లేకుండా దారంలా కదులుతూ ఉండే ప్రోటీన్లు. అందుకే గింజల సారాన్ని మరిగిస్తే మిగతా ప్రోటీన్లు చాలావరకు గుడ్డు తెల్లసొనలా గడ్డకట్టి అడుక్కు చేరతాయి, ఇవి మాత్రం నీటిలోనే కరిగి ఉంటాయి. విప్పడానికి మడతే లేనప్పుడు వేడి చేసేదేముంది?

అంటే సర్వర్ పంపిన నారింజ రంగు సరైన జవాబే. ఆ రంగులు నమ్మకానికి కొలతలు. ప్రతి అమైనో ఆమ్లం దగ్గరా 0 నుంచి 100 వరకు ఒక అంకె ఉంటుంది. 90 దాటితే ముదురు నీలం, 70 నుంచి 90 వరకు లేత నీలం, 50 నుంచి 70 వరకు పసుపు, 50 లోపు నారింజ. వేరుశనగ అలర్జీకి కారణమయ్యే ప్రోటీన్ల వంటి, చక్కగా మడతపడే వాటిలో పెద్ద భాగం నారింజగా వస్తే మనం పంపినదాన్ని అనుమానించాలి. డీహైడ్రిన్‌లో వస్తే, ఇక్కడ నిలకడైన ఆకారం లేదని చదువుకోవాలి. సర్వర్ ఒక్కో పనికి ఐదు నమూనాలు ఇస్తుంది. ఆ ఐదింటినీ ఒకదానిమీద ఒకటి పేర్చి చూపించాను. ఏ దారమూ మరో దారం దారిలో వెళ్లలేదు. ఆ పొంతన లేకపోవడమే ఆమెకు రంగుల కన్నా బాగా అర్థమైంది.

ఒక చోట మాత్రం పసుపు రంగులో చిన్న హెలిక్స్ చుట్ట కనబడింది. వరుసలో ఆ చోటికి వెళ్లి చూస్తే, డీహైడ్రిన్లకు గుర్తింపు చీటీ వంటి 15 అక్షరాల కె-సెగ్మెంట్ అక్కడే ఉంది: ఇ, కె, కె, జి, ఐ, ఎం, డి, కె, ఐ, కె, ఇ, కె, ఎల్, పి, జి. మొక్కను బట్టి ఇందులో ఒకటీ రెండూ అక్షరాలు మారతాయి. కణపు పొరను అంటుకున్నప్పుడు ఈ ముక్క హెలిక్స్‌గా చుట్టుకుంటుందని ప్రయోగాల్లో తేలింది. దారంగా ఉన్న ప్రోటీన్ అవసరం వచ్చినచోట మాత్రమే ఆకారం తెచ్చుకుంటుందన్న మాట. ఇది చూసినప్పుడు ఆ అమ్మాయి కన్నా నాకే ఎక్కువ సంతోషం కలిగిందేమో.

1963లో జి. ఎన్. రామచంద్రన్ మద్రాసు విశ్వవిద్యాలయంలో తన సహచరులతో కలిసి ప్రకటించిన పటాన్ని మా విద్యార్థులు పరీక్ష కోసం బాగా గీస్తారు. నమూనా వచ్చాక దాన్ని ఆ పటంమీద పెట్టి చూడటం మంచి అలవాటే. గొలుసులోని వంపులు భౌతికంగా సాధ్యమా కాదా అన్నది అది చెబుతుంది. మనం పంపిన వరుస మనం అనుకున్న ప్రోటీన్‌దేనా అన్నది చెప్పదు. ఆ బాధ్యత పంపినవాళ్లదే.

ఆమె ప్రోటీన్ మార్చలేదు. నారింజ బొమ్మనే రికార్డులో పెట్టి, దాని కింద డేటాబేసులో ఆ వరుసకు ఉన్న నంబరు, పంపిన తేదీ, రంగుల కొలత, కె-సెగ్మెంట్ ఎన్నో అమైనో ఆమ్లం దగ్గర మొదలై ఎక్కడ ముగుస్తుందో రాసింది. వచ్చే వారం వాళ్ల పొలంలోని గింజలే తెచ్చి, సారం తీసి మరిగించి, నీటిలో ఏం మిగులుతుందో, ప్రోటీన్లను పరిమాణాన్ని బట్టి విడదీసే జెల్ మీద నడిపి చూస్తామని చెప్పింది. గింజలు ఎండబెట్టినవే తెమ్మన్నాను.