పాత కారు హీటర్ కాయిల్, పచ్చడి డబ్బా, నా కంప్యూటర్

ఫిబ్రవరి 9

పెళ్ళి వీడియోలు ఎడిట్ చేయడం నా పని. వైశాఖంలో ముహూర్తాలూ ముసురుకుంటాయి, బెజవాడ ఎండలూ ముదురుతాయి. నాది రైజెన్ 5 3600 ప్రాసెసర్, దాంతోపాటు అట్టపెట్టెలో వచ్చిన చిన్న ఫ్యాను. పోయిన వేసవిలో గదిలో 36 డిగ్రీలు ఉన్నప్పుడు ఎక్స్‌పోర్ట్ (ఎడిట్ అయిన వీడియోని ఫైలుగా తయారుచేయడం) పెడితే ప్రాసెసర్ 95కి చేరి అక్కడే కూర్చునేది. 95 దాని హద్దు. అది తగలగానే తనంతట తనే వేగం తగ్గించుకుంటుంది. ఇక ఆ ఫ్యాను మోతకి పక్క గదిలో నాన్న నిద్రపట్టక లేచి కూర్చునేవారు. ప్రాసెసర్‌ని నీళ్ళతో చల్లబరిచే రెడీమేడ్ వాటర్ కూలర్ కొనొచ్చు. కానీ నేనే చేసుకోవాలన్న చేతి దురద ఒకటుంది కదా.

నిజానికి ఇది రెండో ప్రయత్నం. జనవరిలో ఓ పాత మదర్‌బోర్డు మీద, తక్కువ ధరకి దొరికిన అల్యూమినియం బ్లాకు (ప్రాసెసర్ మీద కూర్చునే, లోపల నీళ్ళు పారే లోహపు దిమ్మ), ఆ నీళ్ళని చల్లార్చే రాగి రేడియేటర్ కలిపి నడిపాను. మూడు వారాలకి పైపులో తెల్లటి పిండి తేలింది. రాగి, అల్యూమినియం ఒకే నీళ్ళలో ఉంటే బ్యాటరీలో జరిగేదే జరుగుతుంది, అల్యూమినియం కరిగిపోతుంది. తప్పు నాదే. ఈసారి రాగి, ఇత్తడి తప్ప ఇంకోటి ఉండకూడదని ఒట్టేసుకున్నాను.

ఫిబ్రవరి 16

ఆటోనగర్ వెళ్ళాను. రేడియేటర్లు అతుకు వేసే మేస్త్రి దగ్గర పాత కారు హీటర్ కాయిల్, అంటే లోపల వేడినీళ్ళు పారే చిన్న రేడియేటర్, అడిగితే, "ఏ బండికి బాబూ?" అన్నాడు. కంప్యూటర్‌కి అన్నాను. ఓసారి నన్ను కిందా పైకీ చూసి, మూల ఉన్న గుట్టలోంచి రెండు తీసిచ్చాడు. మన ఊళ్ళో కారు హీటర్ ఆన్ చేసే మనిషి ఎవరు గనక, కొత్తదానితో సమానం అన్నాడు. రెంటినీ తాళంచెవితో గీకి చూశాను. ఒకటి తెల్లగా మెరిసింది, అంటే అల్యూమినియం, పక్కన పెట్టేశాను. రెండోది ఎర్రగా తేలింది. 600కి బేరం తెగింది.

కొత్తదానితో సమానమన్న మాట ఇంటికొచ్చాక తేలిపోయింది. నీళ్ళు పోస్తే టీ డికాక్షన్ వచ్చింది. గోరువెచ్చని నీళ్ళలో నిమ్మ ఉప్పు కలిపి అరగంట నింపి ఉంచి, రెండు వైపుల నుంచీ నీళ్ళు కొట్టాను. నాలుగోసారికి తేటనీళ్ళు వచ్చాయి. ఆఖరి రెండు కడుగుళ్ళూ డిస్టిల్డ్ వాటర్‌తోనే. బోరు నీళ్ళు లోపల మిగిలితే ఉప్పు పేరుకుంటుంది.

మార్చి 2

రాగి బ్లాకు 1,500. బిగించడం దగ్గర వచ్చింది చిక్కు. దాని పట్టీ పాత ఏఎం3 సాకెట్‌ది (సాకెట్ అంటే బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు), రంధ్రాల మధ్య దూరం 96, 48 మిల్లీమీటర్లు. నా ఏఎం4 బోర్డుకి 90, 54 కావాలి. లేత్ షాపులో ఇనుప పట్టీకి కొత్త రంధ్రాలు వేయించాను. స్క్రూలు, స్ప్రింగులు మాత్రం పాత ఫ్యానువే వాడాను. బోర్డు వెనక ప్లేటు మర 6-32, అంటే అంగుళాల కొలత, మన హార్డ్‌వేర్ షాపుల్లో దొరికే మిల్లీమీటర్ స్క్రూలు దానికి పట్టవు. ఇంకోమాట, పాత ఫ్యాను విప్పేటప్పుడు వెనక ప్లేటుకి చెయ్యి అడ్డం పెట్టండి. నాది ఊడి క్యాబినెట్‌లో పడింది, తీయడానికి గంట పట్టింది.

పంపు సంగతి. మొదట ఎయిర్ కూలర్ పంపు అనుకున్నాను. అది 230 వోల్టులది, నీళ్ళలో మునిగి ఉంటుంది, పైగా దాని 18 వాట్ల వేడి కూడా ఆ నీళ్ళకే ఎక్కుతుంది. వద్దనుకుని 12 వోల్టుల చిన్న పంపు తీసుకున్నాను. కంప్యూటర్‌లో కరెంటు సరఫరా చేసే ఎస్‌ఎంపీఎస్ పసుపు, నలుపు తీగలకి కలిపితే కంప్యూటర్‌తోపాటే ఆన్, ఆఫ్ అవుతుంది.

పంపు అట్టపెట్టె మీద గంటకి 240 లీటర్లని రాసుంది. కాయిల్, బ్లాకు, పైపులు అన్నీ తగిలించి చెంబు పెట్టి కొలిస్తే లీటరుకి 35 సెకన్లు పట్టింది. అంటే నిమిషానికి 1.7 లీటర్లు. చాలు. నా ప్రాసెసర్ పేరుకి 65 వాట్లు, లోడ్‌లో, అంటే పూర్తి పనిలో ఉన్నప్పుడు, 88 దాకా లాగుతుంది. ఆ వేడికి ఈ ధారలో నీళ్ళు ఒక చుట్టులో ఒక్క డిగ్రీ కూడా ఎక్కవు. కాబట్టి నీళ్ళు ముందు కాయిల్‌కి వెళ్ళాలా, బ్లాకుకి వెళ్ళాలా అని తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు. నీళ్ళు నింపి పెట్టే పచ్చడి డబ్బా మాత్రం పంపు కంటే పైన ఉండాలి, లేకపోతే పంపు గాలి మింగుతుంది.

పైపు, తాపీమేస్త్రులు వాడే లెవెల్ పైపే. కాయిల్ మూతి లావు కాబట్టి మధ్యలో ఇత్తడి రిడ్యూసర్లు వేశాను. పైపు కొసని వేడినీళ్ళలో ముంచితే మెత్తబడి సులువుగా ఎక్కుతుంది.

మార్చి 15

లీక్ టెస్ట్. బోర్డుకి కరెంటు ఇవ్వకుండా, ఎస్‌ఎంపీఎస్ పెద్ద కనెక్టర్‌లో ఆకుపచ్చ తీగని నల్ల తీగకి కలిపితే పంపు ఒక్కటే తిరుగుతుంది. ప్రతి జాయింట్ కింద టిష్యూ పేపర్ పెట్టి 24 గంటలు వదిలేద్దామనుకున్నాను. ఏడో గంటకి, రాత్రి ఒంటిగంటప్పుడు, రిడ్యూసర్ కింది పేపర్ తడిసింది. హోస్ క్లిప్ మరీ బిగించేసరికి మెత్తటి పైపు తెగింది. అంగుళం కోసేసి, క్లిప్ స్క్రూడ్రైవర్‌తో కాకుండా వేళ్ళతో బిగించి, పైన అర చుట్టు మాత్రమే తిప్పాను. మళ్ళీ సున్నా నుంచి 24 గంటలు. ఈసారి పేపర్లన్నీ పొడిగానే ఉన్నాయి.

ఏప్రిల్ 13

గదిలో 35. అదే పెళ్ళి, అదే 4కె ఎక్స్‌పోర్ట్. ప్రాసెసర్ 73 దగ్గర నిలబడింది, డబ్బాలో నీళ్ళు 40. గదికంటే నీళ్ళు చల్లబడవు, అది గుర్తుంచుకోవాలి. వేడిని ప్రాసెసర్ దగ్గర్నుంచి మోసుకెళ్ళి కాయిల్‌కి అప్పజెప్పడమే వాటి పని. టైము మాత్రం 52 నిమిషాల నుంచి 48కి తగ్గింది, అంతే. దీనికోసమా ఇంత అని మా ఆవిడ అంది. కానీ కాయిల్ మీద రెండు పెద్ద ఫ్యాన్లు నెమ్మదిగా తిరుగుతున్నాయి, నాన్న నిద్రపోతున్నారు.

ఐసు ముక్కలు వేస్తే ఇంకా దిగదా బావా అని బావమరిది అడిగాడు. దిగుతుంది. చల్లటి మంచినీళ్ళ గ్లాసుకి బయట చెమట పట్టినట్టే బ్లాకుకీ పడుతుంది, ఆ చెమట బోర్డు మీదకి కారుతుంది. మన ఊరి ఉక్కలో ఆ పని వద్దు.

మొత్తం ఖర్చు ఫ్యాన్లతో కలిపి 3,900. లీకైన పైపు, చెడగొట్టిన అల్యూమినియం బ్లాకు లెక్కలోకి తీసుకోలేదు.

ఏప్రిల్ 27

రెండు సంగతులు మిగిలాయి. కిటికీ పక్కనున్న పైపులో లేత ఆకుపచ్చ. పాచి. వెలుతురు తగలకుండా పైపులకి నల్ల టేపు చుట్టాను, పచ్చడి డబ్బాకి కూడా. నీళ్ళు మార్చి పదో వంతు కారు కూలెంట్ కలిపాను.

రెండోది టెన్షన్ పెట్టేది. ఈ పంపుకి రెండే తీగలు. ఫ్యాన్లకుండే మూడో తీగ లేదు కాబట్టి, అది ఆగిపోయినా బోర్డుకి తెలీదు. కావాలని లోడ్‌లో పంపు పీకి చూశాను, రెండు నిమిషాల లోపే 95 తగిలింది. ప్రాసెసర్ తనే వేగం తగ్గించుకుంది, ఏమీ కాలలేదు, కానీ నేను ఎదురుగా ఉన్నాను కాబట్టి చూశాను. వచ్చే ఆదివారం తిరుగుడు సిగ్నల్ ఇచ్చే మూడు తీగల పంపు వేస్తాను. అప్పటిదాకా రాత్రి ఎక్స్‌పోర్ట్‌లు బంద్.