బాల్యం ఏ వయసుకి అయిపోతుంది? జాలరిపేటలో నా ఎం.ఏ. ప్రాజెక్టు

సోషియాలజీ ఎం.ఏ. ప్రాజెక్టుకి ‘బాల్యం అనేది సామాజిక నిర్మితి’ (అంటే ప్రకృతి ఇచ్చింది కాదు, సమాజం కట్టుకున్నది) అన్న టాపిక్ తీసుకున్నానంటే హాస్టల్లో ఒకమ్మాయి “అంటే పిల్లలే ఉండరనా?” అంది. తర్వాత ఎవరడిగినా “పిల్లల మీద” అనేసి ఊరుకునేదాన్ని.

చదవాల్సినవాటిలో మొదటిది ఫిలిప్ ఏరియస్. మధ్యయుగాల యూరప్‌లో బాల్యమన్న భావనే లేదని 1960లో రాసిన ఫ్రెంచి చరిత్రకారుడు. అప్పటి బొమ్మల్లో పిల్లల్ని పొట్టి పెద్దవాళ్ళలా వేశారన్నది ఆయన చూపించిన రుజువుల్లో ఒకటి. నాకది అంతగా నచ్చలేదు. బొమ్మ గీసే పద్ధతి వేరు, తల్లి బిడ్డని చూసుకునే తీరు వేరు. చరిత్రకారిణి లిండా పోలాక్ 1983లో పాత డైరీలూ ఆత్మకథలూ తిరగేసి ఆయన్ని గట్టిగానే కాదంది. నాకు పనికొచ్చింది 1990లో బాల్యం మీద పరిశోధించిన ఆలిసన్ జేమ్స్, అలన్ ప్రౌట్ చెప్పిన మాట: పిల్లల శరీరం ఇంకా ఎదగకుండా ఉండడం ప్రకృతి, దానికి మనం చెప్పుకునే అర్థం సంస్కృతి.

ఫీల్డ్‌వర్క్‌కి విశాఖపట్నంలోని మత్స్యకారుల పేట పెదజాలరిపేట ఎంచుకున్నాను. మా గైడ్ మేడమ్ ఒకే ఒక్క సలహా ఇచ్చారు: “వేట నిషేధంలో వెళ్ళమ్మా, మగవాళ్ళు ఇళ్ళ దగ్గరుంటారు.” తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్లు కదలవు. పిల్లలకీ సెలవులే. ఎటు చూసినా వలలు పరుచుకుని చిరుగులు కుడుతున్నారు.

కష్టమంతా సంతకాల దగ్గరే. పిల్లలతో మాట్లాడాలంటే ఇంట్లో పెద్దవాళ్ళ అనుమతి కాగితం ఉండాలి. ఒక ముసలమ్మ ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, “ఏటమ్మా ఇది? మా గుంటడు పనిలోకెల్తన్నాడని అట్టుకుపోడానికొచ్చినావా?” అంది. ఆవిడ భయం ఊరికే పుట్టింది కాదు, ఎప్పుడో అలాంటి తనిఖీ చూసే ఉంటుంది. పద్నాలుగేళ్ళలోపు పిల్లలు ప్రమాదం లేని కుటుంబ పనికి బడి అయ్యాకో సెలవుల్లోనో సాయపడొచ్చని 2016 సవరణ తర్వాత బాలకార్మిక చట్టమే అంటోందని చెప్పాను. నమ్మలేదు. మర్నాడు కాగితం పక్కన పెట్టి, ఆవిడ పక్కన కూర్చుని ఎండుచేపలు తిరగేశాను. వేలిముద్ర వేసింది.

నా ప్రశ్నావళిలో మొదటి గడి వయసు. ఆ గడి దగ్గర అందరూ ఆగిపోయేవారు. ఒక తండ్రి వల మీంచి తలెత్తకుండానే అన్నాడు: “వయసుదేటుందమ్మా, పడవెక్కితే వాంతి చేసుకోకుండా ఉంటన్నాడా నేదా, అదీ నెక్క.” వాళ్ళబ్బాయి పక్కనే కూర్చుని, దారం చుట్టిన కండె అందిస్తున్నాడు. వాడు ఇంకా కక్కుతున్నాడట. అంటే ఇంకా చిన్నోడే! మన లెక్కలు మాత్రం అంతకన్నా నిలకడగా ఉన్నాయా? ఆర్టీసీ బస్సులో పన్నెండు దాటితే ఫుల్ టికెట్, నిర్బంధ విద్య పద్నాలుగు దాకా, ఓటుకి 18, మగపిల్లాడి పెళ్ళికి 21.

డ్రాఫ్టు చూసి మేడమ్ “ఆడపిల్లలేరీ?” అన్నారు. నిజమే, వాళ్ళు నాతో కూర్చున్నదెప్పుడు? నీళ్ళు, చంటిపిల్లలు, వంట. నిషేధం ఎత్తేసి పడవలు వెళ్ళాక మళ్ళీ వెళ్తే, మగవాళ్ళు లేని మధ్యాహ్నాలు వాళ్ళకీ కాస్త ఖాళీ దొరికింది. ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి సమర్త ఫంక్షన్ ఫొటోలు ఫోన్లో చూపిస్తూ, ఆ మర్నాటి నుంచి ఒడ్డుకి ఆడుకోడానికి పంపడం మానేశారని చెప్పింది. తమ్ముడు మాత్రం ఆమెకన్నా రెండేళ్ళే చిన్న, రోజంతా ఒడ్డునే.

వైవాలో, అంటే ప్రాజెక్టు మీద మౌఖిక పరీక్షలో, బయటినుంచి వచ్చిన ఎక్స్‌టర్నల్ సార్ సూటిగా అడిగారు: “అంతా మనం కట్టుకున్నదే అయితే, ఐదేళ్ళ పిల్లకి పెళ్ళి చేసినవాళ్ళని తప్పు పట్టడానికి నీకేం ఆధారం?”

కన్యాశుల్కం 1897 ముద్రణకి గురజాడ రాసిన ఇంగ్లీషు పీఠికలోని లెక్క చెప్పాను. విజయనగరం మహారాజు ఈ విశాఖపట్నం జిల్లాలోనే మూడేళ్ళలో జరిగిన శుల్క వివాహాల జాబితా తీయిస్తే 1,034 తేలాయి. అందులో ఐదేళ్ళ పెళ్ళికూతుళ్ళు 99 మంది, ఏడాది పిల్లలు ముగ్గురు. “ఆ పిల్లల శరీరం ఎవరూ కట్టింది కాదు సార్. దాన్ని పెళ్ళికి సరిపోతుందనుకోవడమే కట్టుకున్నది. మనుషులు కట్టారు కాబట్టే మనుషులు పడగొట్టగలిగారు. ఆడపిల్ల పెళ్ళి వయసు 1929లో శారదా చట్టంతో 14, 1978లో 18 అయింది” అన్నాను.

ఆయన నా రిపోర్టు వెనక పేజీలు తిరగేశారు. “ఆ పీఠిక లెక్క ఇందులో ఎక్కడుంది? అనుబంధంగా పెట్టి మళ్ళీ బైండింగ్ చేయించి తీసుకురా” అన్నారు.